గడప ఆఖర్న

సత్తిబాబు ఫోన్ చేసినప్పుడు నేను ముక్తేశ్వరం రేవులో పంటు కోసం నిలబడి ఉన్నాను. కోటిపల్లి అవతల ఎవరిదో మూతపడిన గోడౌను చూడాలి. ఎండ మొహం మీద కొడుతోంది. పంటు అవతలి ఒడ్డునే ఉండిపోయింది, రావాలా మానాలా అని ఆలోచిస్తున్నట్టు.

"మేడమ్‌గారండీ, ఇళ్లు విప్పే బాబాయ్‌గారు పొద్దున్న పోయేరండి" అన్నాడు.

దానికి నేనో మాట అన్నాను. ఒక్కటే మాట. మా కోనసీమలో పుట్టినవాళ్లం రోజూ ఎన్నిసార్లు అంటామో మాకే తెలియని మాట. అలవాటుకొద్దీ వచ్చేసిందని మొదట అనుకున్నాను. పంటు వచ్చేదాకా ఆలోచిస్తే కాదనిపించింది.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా వైపు చాలామందికి తెలీదు. కొత్తపేట నుంచి రాజోలు దాకా ఎవర్నడిగినా "ఇళ్లు విప్పే ఆయన" అంటే చాలు, ఏ సందులోకి తిరగాలో చెప్పేవారు. పాత మండువా ఇళ్లు, మూతపడ్డ మిల్లులు, పొగాకు కొట్లు పుచ్చుకుని, పెంకూ కలపా తలుపులూ విడదీసి అమ్మడం ఆయన వ్యాపారం. ఆ వ్యాపారం చేసేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్లంతా కూలగొడతారు. ఈయన మాత్రం విప్పేవారు. ఆయన ముందు 'కూల్చడం' అంటే, అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టేవారు.

"ఇల్లు కట్టేరంటాం కదండీ. మూటా కట్టేరంటాం. కట్టినదాన్ని విప్పాలి గానండి, కూల్చడమేంటండి?" అనేవారు.

బక్కపల్చటి మనిషి. మోకాళ్ల మీదికి పంచె, మెడలో తువ్వాలు, చెవి సందున ఒక సుద్దముక్క. ఆ సుద్దముక్క లేకుండా పెళ్లిళ్లకు కూడా వెళ్లేవారు కాదు. ఏ కలపనైనా ముందు వేలి కణుపుతో కొట్టి, తల పక్కకి వంచి వినేవారు, ఎవరింటి తలుపో తట్టి జవాబు కోసం ఆగినట్టు. గట్టిగా ఉంటే "ఉన్నారండి" అనేవారు. లోపల పుచ్చిపోయి ఉంటే, "వెళ్లిపోయేరండి" అనేవారు. దూలాన్ని కూడా గారు పెట్టి పిలిచే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. "దూలంగారు కొంచెం బరువైన మనిషండి, జాగర్తగా దింపండి" అని ఆయన కింద నుంచి కేకేస్తే, పైనున్న కూలీలు నవ్వేవారు కాదు. వాళ్లకీ అలవాటైపోయింది.

నేనేమో కట్టేదాన్ని. అమలాపురంలో ఓ మేడ మీద నా ఆఫీసు. పీచు యూనిట్లకీ, నూనె మిల్లులకీ, గోడౌన్లకీ నక్షలు గీసి లెక్కలు వేసే సివిల్ ఇంజనీరుని. విప్పేవాళ్లతో మాకు పెద్దగా పని ఉండదు. వాళ్లు వెళ్లిపోయాక మేం వస్తాం. అందుకే ఆయన్ని మొదటిసారి చూడడం కూడా అనుకోకుండానే జరిగింది.

ఆత్రేయపురం దగ్గర ఒక పల్లెలో ఏదో స్థలం చూడ్డానికి వెళితే, పక్కింట్లో పెద్ద గొడవ జరుగుతోంది. గొడవంటే కోనసీమ గొడవ. ఇద్దరూ అండీ అంటే అండీ అనుకుంటున్నారు. ఇంటాయన రిటైరైన మాస్టారు. తడికల వంటిల్లు తప్ప ఇల్లంతా విప్పించేసి, ఆ చోట కొత్త డాబా వేయించుకుంటారట. కూలీలు అప్పటికే నిచ్చెనలు వేసేశారు.

"మాస్టారండీ, పైకప్పు ఎక్కుతున్నామండి" అన్నారీయన.

"ఆయ్" అన్నారు మాస్టారు.

"ఆయ్ వద్దండి. విప్పండి అనండి."

"అదేగా అన్నాను. ఆయ్ అని."

"అది అనలేదండి. ఆయ్ అన్నారండి. విప్పమంటున్నారా, నా మాట విన్నానంటున్నారా?"

మాస్టారికి తిక్క రేగింది. "ఏవిటండీ మీ చాదస్తం! ఆయ్ అంటే ఆయ్. దానికి వేరే అర్థమేవిటి?"

"రెండున్నాయండి" అన్నారీయన, ఎంతో మర్యాదగా.

కూలీలు నిచ్చెనలు దింపేసి అరుగు మీద కూర్చున్నారు. ఒకడు బీడీ కూడా ముట్టించాడు. చివరికి మాస్టారు గొంతు సవరించుకుని, పాఠం చెప్పినట్టుగా, "సరే. మా ఇల్లు విప్పేయండి" అన్నారు. ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయ్ అన్నంతసేపూ ఆ ఇల్లు ఇంకెవరిదో అన్నట్టున్నారు. ఈయన వెంటనే కూలీల్ని పంపేశారు. "ఇవాళ పని లేదండి. రేపొస్తాం. మనసు మారితే రేపు చెప్పండి" అన్నారు. తర్వాత లోపలికి వెళ్లి, ఆ ఇంట్లోనే నేల మీద కూర్చుని, మాస్టారి భార్యని అడిగి ఒక గ్లాసు మంచినీళ్లు తాగారు. ఏ ఇంటినైనా విప్పేముందు అలా తాగుతారని తర్వాత తెలిసింది.

నాకు ఒళ్లు మండింది. నా నోరు ఊరుకోదు. గేటు దగ్గర ఆపి, "పెద్దాయన్ని అలా నిలదీసి ఏడిపించకపోతే మీ పని జరగదా అండీ?" అని అడిగేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడేడిస్తే పర్లేదండి. కప్పు దిగేక ఏడిస్తే నేనేం చెయ్యలేనండి" అన్నారు.

తనూ అంతే. ఆయ్ అనేవారు కాదు. కోనసీమలో ఆయ్ అనకుండా బతకడమంటే ఉప్పు లేకుండా తినడమే. ఈయన ఆ ఒక్క మాటని రెండు ముక్కలు చేసి పెట్టుకున్నారు. ఎవరేం చెప్పినా ముందు "విన్నానండి" అనేవారు. కాసేపాగి, నచ్చితే "ఒప్పుకున్నానండి" అనేవారు. నచ్చకపోతే రెండోది వచ్చేదే కాదు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్లకి ఇదో ఆట. "బాబాయ్‌గారండీ, టీ తాగుతారా?" అనేవారు. "విన్నానండి" అనేవారీయన. అందరూ ఊపిరి బిగబట్టేవారు. "ఒప్పుకున్నానండి" అనగానే కొట్టంతా నవ్వులు. ఆయనా నవ్వేవారు. ఆ నవ్వు చూసి ఇదంతా సరదాకి చేస్తున్నారనే నేనూ చాలాకాలం అనుకున్నాను.

సత్తిబాబు నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. కువైట్‌లో ఏళ్ల తరబడి గోడౌన్లలో పనిచేసి, ఇక చాలనుకుని వచ్చేసినవాడు. ఐనవిల్లి వైపు కాలవ గట్టున స్థలం కొన్నాడు. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసి తాడు నేసే యూనిట్ పెడతాడట. ఆ స్థలంలో ఓ పాత ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. ఉందంటే గోడలున్నాయి. కప్పు లేదు.

"ఈ మొండి గోడలు లేపేసి, మాంచి రేకుల షెడ్డు గీసియ్యండి మేడమ్‌గారూ. దూరం నుంచి తళతళా మెరవాలండి" అన్నాడు.

లోపలికి వెళ్లాం. గుమ్మానికి తలుపులు లేవు గాని గడప ఉంది. టేకు గడప, బస్తాలు ఈడ్చి ఈడ్చి మధ్యలో గిన్నెలా అరిగిపోయింది. లోపల నడుం ఎత్తు గడ్డి. గోడ మీద రావి మొక్క మొలిచింది. సున్నం కలిపి కట్టిన గోడలు, నా మూర కంటే మందం. సుత్తితో ఒక దెబ్బ వేసేసరికి ఇటుకల సందులోంచి ఊక రాలింది. అన్నేళ్ల తర్వాత కూడా గుప్పెడు ఊక, సన్నగా, ఆగకుండా, ఇసక గడియారంలో ఇసకలా జారింది. ఇంతలో జల్లు పడింది. తడిసిన గోడల్లోంచి ఉడికిన వడ్ల వాసన వచ్చింది. ఎవరో ఇప్పుడే పొయ్యి కింద మంట పెట్టినట్టు. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

సత్తిబాబు నాకంటే ముందు బయటికి నడిచాడు. "గాలేస్తే ఇందులో మిల్లు ఆడుతున్న చప్పుడు వినపడుద్దంటారండి ఈ చుట్టుపక్కలోళ్లు. మీకేవన్నా వినపడిందా అండీ?"

"గోడ బ్రహ్మాండంగా ఉందని వినపడింది" అన్నాను. భయపడ్డానని అతనికి తెలియనివ్వడం ఇష్టం లేకపోయింది.

ఆ గోడల్ని పడగొట్టడం బుద్ధి తక్కువ పని అని ఆ క్షణమే తేల్చేసుకున్నాను. ఉన్న గోడల్ని మట్టిలో కలిపి, మళ్లీ ఇటుక కాల్చి, ఇసక తోడి, ఇనుము తెచ్చి కట్టడం నాకెప్పుడూ నచ్చదు. పైగా ఆ గోడల మధ్య వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. పీచు పనిలో ఉండేది ఎక్కువగా ఆడవాళ్లు. రేకుల షెడ్డులో వాళ్లు మధ్యాహ్నం అయ్యేసరికి వడియాల్లా ఎండిపోతారు. ఇదంతా చెప్పి సత్తిబాబుతో పోట్లాడాను. అతను వినలేదు. "పాతదానికి రంగేస్తే కొత్తదవుద్దా అండీ?" అన్నాడు. చివరికి నోరు నొప్పెట్టి, "సరే, మీరు కువైట్‌లో ఏ కప్పు కింద పనిచేశారు?" అని అడిగాను.

అతను గోడని చేత్తో తడిమాడు. "రేకు కిందేనండి" అన్నాడు. తర్వాత, "సరేనండి. గోడలుంచండి. మరి కప్పెక్కణ్ణించి తేవాలండి?" అన్నాడు.

గట్టు మీద గేదెల్ని తోలుకెళ్తున్న ఒకావిడ ఆ మాట విని, "ఆ కప్పు విప్పే ఆయన దగ్గరుందండీ. మొత్తం అలాగే ఉంది. ఎవరికీ ఇవ్వరండి" అని చెప్పింది.

కొత్తపేట రోడ్డులో ఆయన దొడ్డి. తలుపులు, కిటికీలు, స్తంభాలు వరసగా గోడకి చేరేసి ఉంటాయి. ఆ వెనకాల తాటాకు పాక ఒకటి ఉంది. దాని కింద, నేలకి తగలకుండా ఎత్తు దిమ్మల మీద, బర్మా టేకు దూలాలు. ఏటా ఎండాకాలంలో వాటిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పి వేపనూనె రాస్తారట. ఒక దుంగ కొస ఇంకో దుంగ బెజ్జంలో కూర్చునే ప్రతిచోటా రెండింటి మీదా ఒకే గుర్తు గీసి ఉంది. చుక్క, చేప, నెలవంక, దువ్వెన. "ఒకే గుర్తున్నోళ్లు వియ్యపువారండి. ఒకళ్లనొదిలి ఒకళ్లని పిలవకూడదండి" అన్నారు నాకు చూపిస్తూ.

రిసార్టులవాళ్లు ఆ దూలాల కోసం కార్లేసుకుని వచ్చేవారట, కోసి బల్లలు చేయించుకోవడానికి. ఆయన వాళ్లకి కొబ్బరి బోండాం ఇచ్చి పంపేసేవారు.

"వీటిని మళ్లీ ఆ గోడల మీదికే ఎక్కిద్దామండి" అన్నాను నేను. ఇంత మంచి కబురు తెచ్చినందుకు ఎగిరి గంతేస్తారనుకున్నాను.

"విన్నానండి" అన్నారు.

రెండో మాట కోసం చూశాను. రాలేదు. సత్తిబాబు ఏదో ఫోనొచ్చి రోడ్డు మీదికి వెళ్లాడు. అప్పుడాయన దూలాల పక్కనే గొంతుక్కూర్చుని, నాతో కాకుండా ఆ దూలాలతో చెబుతున్నట్టు చెప్పారు.

"ఆ మిల్లు ఓ మామ్మగారిదండి. ఆవిడ భర్తగారు పోయేక మూతపడింది. మరిదిగారు నన్ను పిలిపించి విప్పెయ్యమన్నారు. నేను ఆవిడ్నే అడుగుతానన్నాను. అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటన్నారండి. అమ్మగారండీ, పెంకు దింపుతామండి అన్నాను. ఆయ్ అన్నారు. వాసాలు దింపుతామండి అన్నాను. ఆయ్ అన్నారు. దూలాలు కూడా దింపేస్తామండి అన్నాను. ఆయ్ అన్నారండి. ఇంకేం అడగాలి చెప్పండి?"

దూలం మీది దుమ్ము అరచేత్తో తుడిచారు.

"వాడపల్లి గుడికి ఏడువారాల మొక్కండి ఆవిడకి. శనివారం పొద్దున్నే వెళ్లి, ప్రదక్షిణాలు చేసుకుని, ప్రసాదం పట్టుకుని సాయంత్రం సరాసరి మిల్లుకొచ్చేరు. పనోళ్లకి పెడదామని. అప్పటికి పైన ఏం లేదండి. ఆకాశమేనండి. పైకి చూసేరు. చూసి, గడప మీద కూర్చుండిపోయేరండి. గడప మీద ఎవరన్నా కాలేస్తే కేకలేసే మనిషండి ఆవిడ. అలాంటావిడ దాని మీదే కూర్చున్నారు. 'పెంకు మార్చి మళ్లీ కప్పుతారనుకున్నానండి' అన్నారు. మిల్లు మళ్లీ ఆడిస్తారనుకున్నారండి, పాపం. నేను ఊరుకోవచ్చు కదండీ? ఊరుకోలేదు. 'ఆయ్ అన్నారు కదండీ అమ్మగారూ' అన్నాను."

"ఏమన్నారు?"

"'విన్నానని అన్నానండి' అన్నారు."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ప్రసాదం మాత్రం అందరికీ పెట్టేరండి. నాకూ పెట్టేరు."

విప్పడంలో ఆయనది ఒకటే వరస. పెంకు ముందు, గడప ఆఖర్న. అందుకే ఆ సాయంత్రానికి గోడలూ గడపా మిగిలాయి. అక్కడితో ఆపేశారు. మర్నాడు పొద్దున్నే మామ్మగారింటికి వెళ్లి, గుమ్మం బయటే నిలబడి, ఒక్క ముక్క కూడా పోలేదండి, మళ్లీ అలాగే ఎక్కించేస్తానండి అన్నారట. లోపల్నుంచి జవాబొచ్చింది. ఆయ్ అని.

"ఎక్కించమన్నారో, విన్నానన్నారో తెలీలేదండి. మళ్లీ అడగడానికి నోరు రాలేదు. రేపడుగుదాం, ఎల్లుండడుగుదాం అనుకుంటా ఉండగానే వానలొచ్చేసేయి. ఆ వానల్లోనే ఆవిడ పోయేరండి."

మరిదిగారి వాళ్లు వాటాల తగాదాల్లో పడి ఆ గోడల సంగతి వదిలేశారు. ఈయన ఆ కప్పుని ఇలా పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. అంత చిన్న మాట ఒక మనిషిని ఇన్నేళ్లు పట్టి పీడించగలదా అని కోపం కూడా వచ్చింది. ఆ మాటే నేను పొద్దుటి నుంచి ఆయన ముందు ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను.

కొన్నాళ్లకి ఒక పొద్దున్న నా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు. "ఒప్పుకున్నానండి" అన్నారు. "వాడకపోతే వాడిపోతాయండి, మనుషుల్లాగే. ఎక్కించెయ్యండి." చెవి సందున సుద్దముక్క కొత్తది.

పని మొదలయ్యాక తెలిసింది, ఆయనతో కలిసి పనిచేయడం ఎంత కష్టమో. ఆ మిల్లు గుమ్మంలోంచి లోపలికి వచ్చేవారు కాదు. వెనక గోడకి కిటికీ ఊడిన కంత ఉంటే, పంచె ఎగ్గట్టుకుని అందులోంచి దూరేవారు. ఆ వయసులో అదేం పని అని కోప్పడితే, "ఆ గుమ్మం నాది కాదండి" అనేవారు. మిగతా సమయమంతా కాలవ అవతలి గట్టున కొబ్బరిచెట్ల కింద కూర్చుని అక్కణ్ణుంచే కేకలు. యంత్రాలు పెద్దవి కాబట్టి గోడల మీద కాంక్రీటు బెల్టు పోసి, దాని మీద పొట్టి స్తంభాలు లేపి, కప్పుని ఇంకాస్త ఎత్తుకి తీసుకెళ్లాను. ఆ ఖాళీలోంచి వేడీ పీచు దుమ్మూ బయటికి పోతాయి. అది చూసి, "మామ్మగారి మిల్లు మునివేళ్ల మీద నిలబడిందండి" అన్నారు. మెచ్చుకున్నారో దెప్పారో తెలీలేదు.

ఇనుము దగ్గర పోట్లాట వచ్చింది. గోడ మీద ఆనే చోట కొన్ని దూలాల కొసలు పుచ్చాయి. అవి కోసేసి, ఇనప తొడుగులు వేయాలని నేనన్నాను. వారం పైన "విన్నానండి" తప్ప ఇంకో మాట లేదు. సత్తిబాబు తల పట్టుకున్నాడు. చివరికి ఆయన్ని కంతలోంచి లోపలికి రప్పించి, కింద దింపి ఉన్న దూలం కొస చూపించి, నా బొటనవేలి గోరు నొక్కాను. గోరు లోపలికి దిగిపోయింది. ఆయన వంగి వేలి కణుపుతో కొట్టారు. తల వంచి విన్నారు.

"వెళ్లిపోయేరండి" అన్నారు మెల్లిగా.

"కొస ఒక్కటేనండి బాబాయ్‌గారూ. మిగతా మనిషి ఉన్నారు" అన్నాను.

ఆయన మాట నేను వాడేసరికి ముందు తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వారు. "ఒప్పుకున్నానండి. దూలంగారికి బూట్లు తొడగండి" అన్నారు.

దొడ్లో ఆ పాకలో ఒక మూల వాన కారి కొన్ని గుర్తులు చెరిగిపోయాయని ఆయనకీ తెలీదు. కూలీలు చేప అనుకుని నెలవంకని ఎక్కించేశారు. పైన ఎంత బాదినా కొస బెజ్జంలో కూర్చోదు. ఆయన కాలవ అవతల్నుంచి చూసి, "వియ్యపువారు మారిపోయేరండోయ్, పెళ్లి ఆపండి!" అని కేకేశారు. కాలవ గట్టు మీద వెళ్లేవాళ్లు కూడా ఆగి నవ్వారు. ఆ రోజు నాకు అనిపించింది, ఈ మనిషికి ఇక దిగులు తీరినట్టే అని.

పెంకు కప్పడం పూర్తయ్యాక గుమ్మం మిగిలింది. గడప ఆఖర్న. పీచు మోపులు చక్రాల బళ్ల మీద లోపలికీ బయటికీ తిరగాలి. జానెడెత్తు గడప ఉంటే బండి కదలదు. గడప పీకేద్దామన్నాడు సత్తిబాబు. ఫ్యాక్టరీకి గడపేంటండీ అన్నాడు. అతనన్నదీ తప్పు కాదు. ఇంకో పక్క గుమ్మం తెరుద్దామంటే ఆ పక్క కాలవ, ఈ పక్క బరువు మోసే గోడ. నేను రాత్రంతా కూర్చుని వేసిన బొమ్మలన్నీ పొద్దున చించేశాను. చివరికి ఒక దారి దొరికింది. గడపని తీసెయ్యకుండా, ఉన్నచోటే కిందికి దించి, నేలతో సమానంగా కూర్చోబెట్టడం. గడప ఉంటుంది. బండీ వెళ్తుంది.

కాలవ మీది చెక్క వంతెన దాటి ఆయన దగ్గరికి వెళ్లాను. ఏ మాటా దాచకుండా చెప్పాను. గడపని నేలలోకి దించుతామన్నాను. మామ్మగారు కూర్చున్న చోటే ఉంటుందన్నాను. అయితే మనుషులు దాన్ని తొక్కుతారు, బళ్లు దాని మీంచే వెళ్తాయని కూడా చెప్పాను.

ఆయన గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. చెవి దగ్గర చెయ్యి పెట్టి సుద్దముక్క తీసి, మళ్లీ అక్కడే పెట్టారు.

"ఆయ్" అన్నారు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గట్టు మీంచే మేస్త్రీకి చెయ్యి ఊపాను. పలుగు నేలలో దిగిన చప్పుడు వినపడింది. అప్పుడు తట్టింది నాకు, ఆయనేమన్నారో. వెనక్కి తిరిగి, "బాబాయ్‌గారూ, విన్నారా, ఒప్పుకున్నారా?" అని అడిగాను.

ఆయన అప్పటికే లేచి తువ్వాలు దులుపుకుంటున్నారు. "ఎండెక్కిందండి. టీ తాగుదాం రండి" అన్నారు.

యూనిట్ తెరిచిన రోజు ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. ఆడవాళ్లందరూ ఆ గుమ్మంలోంచి నడిచి లోపలికి వెళ్లారు. గడప ఎక్కడుందో కూడా వాళ్లు చూడలేదు. కింద నున్నటి చెక్క, అంతే. సత్తిబాబు మొదటి మోపు బండిని తనే తోసుకెళ్లాడు. చక్రాలు చెక్క మీద టకటకమన్నాయి. ఈయన బయటే నిలబడ్డారు. వెనక కంత మూసేశాం కాబట్టి ఇక వేరే దారి లేదు. అందరూ వెళ్లాక, గుమ్మం దాకా వచ్చి ఆగి, కుడికాలు జానెడు పైకెత్తి, గాల్లోంచి దాటించి, అవతల పెట్టారు. తర్వాత ఎడమకాలు కూడా అలాగే. అక్కడ లేని గడపని దాటి లోపలికొచ్చారు. నేను తప్ప ఎవరూ చూడలేదు. గోడని వేలి కణుపుతో కొట్టి, తల వంచి విన్నారు. ఏమీ అనలేదు.

ఆ తర్వాత కూడా అడిగాను. ఊరికే వదిలేసే మనిషిని కాదు. రెండు మూడుసార్లు టీ కొట్టు దగ్గర మాట అటు తిప్పి, ఆ రోజు గట్టు మీద మీరన్న మాట, అని మొదలుపెట్టేదాన్ని. "టీ చల్లారిపోతోందండి" అనేవారు. ఒకసారి మాత్రం గ్లాసులోకి చూస్తూ, "మీకూ తెలీదు కదండీ ఇప్పుడు" అన్నారు. కోపంగా అనలేదు. తనకో తోడు దొరికిందన్నట్టు అన్నారు. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇప్పుడు పీచు పనికొచ్చే ఆడవాళ్లు శుక్రవారం ఆ చెక్కకి పసుపు రాస్తున్నారు. ఎవరు చెప్పారో సత్తిబాబుకీ తెలీదు. బళ్లు దాని మీంచి వెళ్తే చక్రాలకి పసుపంటి, ఫ్యాక్టరీ అంతా సన్నటి పసుపు గీతలు పడతాయి. గాలేసిన రోజు యంత్రాలు ఆపినా మిల్లు ఆడుతున్న చప్పుడు వినపడుతుందట. నేను లెక్కలు వేసే మనిషిని, కొత్త కప్పు కింద గాలి చప్పుడని చెప్పాను. అయినా ఆ గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి నా కాలు దానంతట అదే లేస్తుంది.

రేవులో ఫోను చెవి దగ్గరే ఉంది. అవతలి ఒడ్డున పంటు బయల్దేరింది. రేవు గోలలో సత్తిబాబు లైను తెగిందనుకున్నట్టున్నాడు.

"మేడమ్‌గారండీ, వినపడుతోందా అండీ? బాబాయ్‌గారు వెళ్లిపోయేరండి" అన్నాడు మళ్లీ.

"ఆయ్" అన్నాను.

విన్నానని అన్నాను.